బంగాళాదుంపల బస్తాలు... బంగారు పతకాలు

అది 1968 ఆగస్టు 20, మంగళవారం. ప్రాగ్ నగరంలో ఇల్లాళ్లంతా రోజూలాగే వంటిల్లు సర్దుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, దీపాలార్పి నిద్రపోయారు. బడులకి వేసవి సెలవులు. ఇంకో పది పన్నెండు రోజుల్లో మళ్లీ తెరుస్తారు. పుస్తకాలూ, బట్టలూ అమర్చుకోవాలన్న హడావిడి తప్ప ఎవరికీ వేరే చింత లేదు.

అర్ధరాత్రి దాటాక నెత్తిమీద ఒకటే మోత! ఒకదాని వెనక ఒకటి పెద్ద పెద్ద విమానాలు దిగుతున్నాయి. తెల్లవారి రొట్టె కోసమో, పాల కోసమో సంచీ పట్టుకుని బయటికొచ్చిన ఆడవాళ్లకి వీధి మలుపులో టాంకులు కనిపించాయి. వాటిమీద కుర్ర సైనికులు. ఎవరు వీళ్లు? శత్రువులా? కాదు. 'అన్నదమ్ములు'!

అవునండీ. వచ్చింది సోవియట్ యూనియన్ సైన్యం. వెంట పోలండ్, హంగరీ, బల్గేరియా సైన్యాలు. అన్నీ చెకోస్లవేకియాతో చేతులు కలిపిన దేశాలే, అన్నీ కమ్యూనిస్టు ప్రభుత్వాలే. మొదటి విడతలోనే సుమారు రెండు లక్షలమంది సైనికులు, రెండువేల టాంకులు. కోటీ నలభై లక్షల జనాభా ఉన్న చిన్న దేశంమీదికి! 'మీకు సాయం చెయ్యడానికి వచ్చాం' అన్నారు.

ఇదంతా రాజకీయం, మనకెందుకు అని పేజీ తిప్పెయ్యకండి. ఈ కథలో నన్ను కూర్చోబెట్టి చదివించింది నాయకులు కాదు, నలుగురు ఆడవాళ్లు. ఒకామె జిమ్నాస్టు, ఒకామె టీవీలో వార్తలు చదివే మనిషి, ఒకామె మూడు నెలల చంటిబిడ్డ తల్లి, ఇంకొకామె పాటగత్తె.

పెద్దన్న పెత్తనం

ముందు ఆ ఇంటి సంగతి కాస్త చెప్పాలి. చెకోస్లవేకియా అంటే మనవాళ్లకి మరీ తెలియని పేరేం కాదు. మన ఇళ్లల్లో గుమ్మం బయట ఉండే బాటా చెప్పుల కంపెనీ పుట్టింది అక్కడే, 1894లో, జ్లీన్ అనే ఊళ్లో. మైసూరులో తయారైన జావా మోటారు సైకిళ్లు వాళ్లవే. హైదరాబాదు పక్కన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కర్మాగారం కట్టింది కూడా చెకోస్లవేకియా సహకారంతోనే. యంత్రాలు చెయ్యడంలో అంత పనివాళ్లు.

1948లో అక్కడ కమ్యూనిస్టు పార్టీ అధికారమంతా గుప్పిట్లోకి తీసుకుంది. ఆ తర్వాత కొన్నేళ్లు బతుకు చాలా భయంగా గడిచింది. మిలాదా హొరాకోవా అని పార్లమెంటు సభ్యురాలిగా పనిచేసిన ఒక న్యాయవాది ఉండేది. హిట్లర్ జైల్లో మగ్గి బతికి బయటపడ్డ మనిషి. దేశద్రోహం అంటగట్టి 1950 జూన్ 27న ఆమెని ఉరితీశారు. పదహారేళ్ల కూతురుకి ఆ తల్లి జైలునుంచి రాసిన ఆఖరి ఉత్తరం ఆ పిల్ల చేతికి అందనే లేదు. 1990లో అందింది! అప్పటికి ఆ అమ్మాయికి యాభై దాటాయి.

ఉమ్మడి కుటుంబంలో పెద్దన్న మాటకి ఎదురుచెప్పలేని తమ్ముడి కాపురం ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. ఏం వండాలో, ఎవరితో మాట్లాడాలో, పిల్లకి ఏ సంబంధం చూడాలో అన్నీ పెద్దన్నే చెప్పాలి. తూర్పు యూరప్ దేశాల పరిస్థితి అలాగే ఉండేది. పెద్దన్న మాస్కోలో ఉంటాడు. ఇక్కడ ఏ పత్రికలో ఏం రావాలో, ఏ ఫ్యాక్టరీలో ఏం చెయ్యాలో అంతా అక్కడి కనుసన్నల్లోనే. 1956లో హంగరీ కాస్త తల ఎగరేస్తే ఏం చేశారో అందరూ చూశారు. టాంకులు పంపి అణిచేశారు.

1968 జనవరి 5న చెకోస్లవేకియా పార్టీకి అలెగ్జాండర్ దుబ్చెక్ అనే మృదుస్వభావి నాయకుడయ్యాడు. వయసు 46. చిత్రమేమిటంటే ఈయన బాల్యమంతా గడిచింది సోవియట్ దేశంలోనే. రష్యన్ భాష నోటికి వచ్చు. అక్కడి అధినేత బ్రెజ్నెవ్ ఆయన్ని 'మా సాషా' అని ముద్దుగా పిలిచేవాడు. అలాంటి మనిషి కమ్యూనిజాన్ని కాదనలేదు సుమా! 'మనిషి మొహమున్న సోషలిజం కావాలి' అన్నాడు, అంతే. పత్రికలమీద సెన్సారు తీసేశారు. వెనకటి రోజుల్లో అన్యాయంగా శిక్ష పడినవాళ్ల కేసులు తిరగదోడారు. విదేశాలకి వెళ్లొచ్చన్నారు. పొద్దున్నే పేపరు కోసం జనం బారులు తీరేవారు. దుబ్చెక్ ఈత కొలనులోకి దూకుతున్న ఫొటో ఒకటి అచ్చయింది. అదొక వింత! అంతకుముందు నాయకులంటే కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుని వేదికమీద నిలబడ్డ విగ్రహాలే కదా.

ఆ ఎనిమిది నెలల్నీ 'ప్రాగ్ వసంతం' అంటారు. ఆ వసంతాన్ని చూసి మాస్కోలో పెద్దన్నకి గుండెదడ పట్టుకుంది. ఒక తమ్ముడు వేరుకుండ పెట్టుకుంటే మిగతా తమ్ముళ్లు ఊరుకుంటారా?

ఒక్క సంతకం

ఆ జూన్ 27న 'రెండువేల మాటలు' అనే ప్రకటన పత్రికల్లో వచ్చింది. రాసింది లుద్విక్ వాచులిక్ అనే రచయిత. మార్పులు ఆగిపోకూడదు, జనమే పూనుకోవాలి అన్నది సారాంశం. రచయితలు, శాస్త్రవేత్తలు, ఆటగాళ్లు సంతకాలు చేశారు. అందులో వెరా చాస్లావ్స్కా సంతకం ఉంది.

వెరా అంటే అప్పటికే దేశమంతా ఇంటిపిల్ల. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. నవ్వు మొహం, బంగారు రంగు జుట్టు ముడి. వయసు 26. అక్టోబరులో మెక్సికో ఒలింపిక్స్ ఉన్నాయి. ఆగస్టులో టాంకులొచ్చినప్పుడు వెరా మొరావియా ప్రాంతంలో ఉంది. సంతకం చేసినవాళ్లని పట్టుకుంటారేమోనన్న భయంతో యెసెనీకీ కొండల అడవుల్లో ఓ చిన్న ఇంట్లో దాక్కుంది.

ఒలింపిక్స్‌కి రెండు నెలలు కూడా లేవు. పోటీకి రాబోయే సోవియట్ అమ్మాయిలు చక్కటి హాళ్లలో సాధన చేస్తున్నారు. ఈ పిల్ల దగ్గర ఏముంది? అడవి ఉంది, బంగాళాదుంపల బస్తాలున్నాయి! బరువులకి బదులు ఆ బస్తాలెత్తింది. చెట్టుకొమ్మలు పట్టుకుని ఊగింది. పడిపోయిన మాను మీద నడిచి తూకం సాధించింది. పచ్చికబయల్లో గెంతులు సాధన చేసింది. చేతుల్లో కాయలు మెత్తబడిపోతే కమ్మీలమీద పట్టు జారుతుంది కదా, అందుకని పారతో బొగ్గు ఎత్తిపోసేది. బస్తా దించడానికి మగవాళ్లని కేకేసే మనలాంటివాళ్లం ఇది రెండుసార్లు చదవాలి.

మూడు వారాల తర్వాత మెక్సికో వెళ్లే జట్టులో కలవనిచ్చారు.

తల తిప్పిన క్షణం

మెక్సికో జనం వెరాని నెత్తిన పెట్టుకున్నారు. నేలమీద చేసే విన్యాసానికి వాళ్ల జానపద నృత్యసంగీతమే ఎంచుకుంది మరి! హాలంతా చప్పట్లే. మొత్తం నాలుగు బంగారు పతకాలు, రెండు వెండి పతకాలు. కానీ అందులో ఒక తిరకాసు ఉంది. బీమ్‌మీద విన్యాసానికి ముందు తక్కువ మార్కులు వేశారు. జనం పది నిమిషాలు గోలచేస్తే కొంచెం పెంచారు. అయినా వెండితోనే సరిపెట్టుకోవలసివచ్చింది. బంగారం సోవియట్ అమ్మాయికి. నేల విన్యాసంలో వెరాకే బంగారం అనుకున్నాక, ఒక సోవియట్ క్రీడాకారిణి ప్రాథమిక పోటీ మార్కులు పెంచి ఇద్దరికీ సమానం చేశారు. ఒకే మెట్టుమీద ఇద్దరూ!

పతకాలిచ్చేటప్పుడు గెలిచిన దేశం జాతీయగీతం వాయిస్తారు. సోవియట్ గీతం మొదలైంది. వెరా ఏం చేసిందో తెలుసా? కేకలు వెయ్యలేదు, మెట్టు దిగిపోలేదు. తల కాస్త వంచి కుడిపక్కకి తిప్పుకుంది. అంతే. రెండుసార్లు అలాగే చేసింది. మనింట్లో గిట్టని బంధువు ఎదురైతే మాట్లాడకుండా మొహం తిప్పుకుంటామే, అలాగ. ప్రపంచమంతా టీవీల్లో చూసింది. ఆ మౌనానికి అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పోటీలయ్యాక అక్కడే, మెక్సికో నగరంలోని పెద్ద చర్చిలో పెళ్లి చేసుకుంది. వరుడు యోసెఫ్ ఒద్లోజిల్, టోక్యోలో 1500 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిచినవాడు. పెళ్లి చూడ్డానికి వేలకొద్దీ జనం ఎగబడ్డారట. ఇంటికొచ్చాక ఆ నాలుగు బంగారు పతకాల్నీ దుబ్చెక్‌కీ, ఆయన తోటి ముగ్గురు నాయకులకీ తలా ఒకటి ఇచ్చేసింది.

తర్వాత మొదలైంది అసలు పరీక్ష. 'ఆ సంతకం వెనక్కి తీసుకో, పొరపాటైందని రాసియ్యి' అన్నారు. ఒకసారి కాదు, ఏళ్ల తరబడి. వెనక్కి తీసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రావడంలేదు. పిల్లలున్న ఇళ్లవి. వెరా మాత్రం 'లేదు' అంది. ఫలితం... పోటీలు లేవు, విదేశీ ప్రయాణాలు లేవు, శిక్షణ ఇచ్చే ఉద్యోగం లేదు. ఏడు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిన మనిషి ఎవరూ గుర్తుపట్టకుండా తలకి రుమాలు కట్టుకుని కొంతకాలం ఇళ్లు తుడిచే పని చేసింది. 1970ల మధ్యలోగానీ పిల్లలకి ఆట నేర్పనివ్వలేదు.

గన్నుల మధ్య వార్తలు

మళ్లీ ఆ ఆగస్టు 21 ఉదయానికి వద్దాం. ప్రాగ్ టెలివిజన్ స్టూడియోలో కమిలా మౌచ్‌కోవా వార్తలు చదువుతోంది. అక్కడ టీవీలో వార్తలు చదివిన తొలి మహిళ ఆమే. దేశంలోకి పరాయి సైన్యం వచ్చిందని జనానికి చెప్పింది. చెబుతూ ఉండగానే తుపాకులు పట్టుకున్న సైనికులు స్టూడియోలోకి వచ్చేశారు.

రేడియో భవనం దగ్గర జనం బస్సులడ్డం పెట్టి నిలబడ్డారు. కాల్పుల్లో ఎందరో చనిపోయారు. భవనం చేజారినా రేడియో నోరు మాత్రం మూతపడలేదు. చోట్లు మారుస్తూ రహస్యంగా ప్రసారాలు సాగించారు. అరెస్టులకి తిరుగుతున్న రహస్య పోలీసు కార్ల నంబర్లు కూడా రేడియోలో చదివి హెచ్చరించేవారట!

జనం చేసిన ఇంకో పని వింటే నవ్వొస్తుంది. రాత్రికి రాత్రి వీధుల పేర్ల బోర్డులు, ఊళ్లకి దారిచూపే పలకలు పీకేశారు, రంగు పూసేశారు. కొన్ని ఊళ్లు తమ పేరు తీసేసి 'దుబ్చెక్ ఊరు' అని రాసుకున్నాయి. వచ్చిన సైనికులకి దారి తెలిస్తేగా! కుర్రాళ్లు, ఆడపిల్లలు టాంకుల దగ్గరికెళ్లి 'మీరెందుకొచ్చారు? ఇక్కడ ఎవరు పిలిచారు మిమ్మల్ని?' అని రష్యన్‌లో నిలదీశారు. బళ్లో నిర్బంధంగా నేర్పిన రష్యన్ అలా అక్కరకొచ్చింది.

అయితే పిలిచినవాళ్లు నిజంగానే ఉన్నారు. దుబ్చెక్ పార్టీలోనే ఐదుగురు నాయకులు 'వచ్చి కాపాడండి' అని బ్రెజ్నెవ్‌కి రహస్యంగా ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం చేతులు మారింది బ్రాటిస్లావాలో జరిగిన సమావేశంలో, మరుగుదొడ్డి దగ్గర! అది 1992లోగానీ బయటపడలేదు. ఇంటిగుట్టు లంకకి చేటన్నది ఇలాంటివాళ్లని చూసే పుట్టిందేమో.

దుబ్చెక్‌నీ, తోటివాళ్లనీ విమానమెక్కించి మాస్కో తీసుకెళ్లారు. ఆగస్టు 26న అక్కడ వాళ్లచేత ఒప్పంద పత్రంమీద సంతకాలు పెట్టించారు. ఫ్రాంతిషెక్ క్రీగెల్ అనే డాక్టరు ఒక్కడే పెట్టనన్నాడు. తిరిగొచ్చి రేడియోలో మాట్లాడుతూ దుబ్చెక్ మధ్యమధ్య ఆగిపోయాడు. మాట పెగల్లేదు, ఏడుపు వచ్చేసింది. విన్న ఇల్లాళ్లకి ఇక చెప్పాల్సిందేముంది?

చంటిబిడ్డ బండి

ఈ కథలో నా కళ్లు చెమర్చిన చోటు మాత్రం ప్రాగ్‌లో లేదు, మాస్కోలో ఉంది.

సోవియట్ ప్రజలందరూ ఈ పనిని మెచ్చుకున్నారనుకుంటే పొరపాటు. ఆగస్టు 25, ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి మాస్కో ఎర్ర మైదానంలో ఎనిమిదిమంది వచ్చి రాతి గద్దె దగ్గర కూర్చున్నారు. ఎనిమిదిమందే! అందులో నతాల్యా గోర్బనేవ్‌స్కయా అనే కవయిత్రి ఉంది. వయసు 32. తోపుడుబండిలో మూడు నెలల కొడుకుని పడుకోబెట్టుకుని వచ్చింది. ఆ బండిలో బిడ్డ గుడ్డలతోపాటు చిన్న చెకోస్లవేకియా జెండా, గుడ్డమీద రాసిన నినాదాలు ఉన్నాయి. 'మీ స్వేచ్ఛ కోసం, మా స్వేచ్ఛ కోసం' అన్నది అందులో ఒకటి.

బిడ్డని ఎందుకు తీసుకెళ్లింది, ఇంట్లో ఎవరి దగ్గరైనా వదిలి వెళ్లకూడదా అని నాకూ అనిపించింది. కానీ పాలు తాగే బిడ్డ కదా. తనని పట్టుకుపోతే పాలెవరిస్తారు?

కొన్ని నిమిషాలే కూర్చోనిచ్చారు. రహస్య పోలీసులు ఈలలేస్తూ వచ్చి జెండా లాగేసుకున్నారు, కొట్టారు. విక్తర్ ఫైన్‌బెర్గ్ అనే ఆయన పళ్లు రాలగొట్టారు. ఆ మొహంతో కోర్టులో నిలబెట్టలేక ఆయన్ని పిచ్చాసుపత్రిలో పడేశారు. లారిసా బొగొరాజ్ అనే ఇంకో మహిళని నాలుగేళ్లు సైబీరియాకి పంపారు. ఇరవయ్యొక్కేళ్ల తత్యానా అనే అమ్మాయిని మాత్రం మిగతావాళ్లు 'ఈ పిల్లకేం సంబంధం లేదు, అనుకోకుండా ఇక్కడుంది' అని చెప్పి తప్పించారు. చంటిపిల్ల తల్లి అని నతాల్యాని అప్పటికి వదిలేశారు. నోరు మూసుకుని ఉందా? ఆ ఎనిమిదిమంది కథంతా పుస్తకంగా కూర్చింది. 1969 డిసెంబరులో వచ్చి పట్టుకెళ్లారు. మతి సరిగా లేదని తేల్చి, 1972 ఫిబ్రవరిదాకా పిచ్చాసుపత్రిలో ఉంచారు. బుద్ధి నిమ్మళంగా ఉన్న తల్లికి మందులు ఎక్కించారు. విడుదలయ్యాక 1975లో దేశం వదిలి వెళ్లి పారిస్‌లో స్థిరపడింది.

మా చిన్నప్పుడు మా ఇంట్లో సోవియట్ పిల్లల పుస్తకాలుండేవి. విశాలాంధ్రలో చౌకగా దొరికేవి. నున్నటి కాగితం, ఎంత అందమైన బొమ్మలో! ఇప్పటికీ వాటిని పారెయ్యలేదు. ఆ పుస్తకాలు అచ్చేసిన దేశమూ, ఈ తల్లిని ఆసుపత్రిలో పెట్టిన దేశమూ ఒకటేనని తెలిశాక ఏ అరలో ఏ పుస్తకం పెట్టాలో తోచదు.

మన దేశం సంగతీ చెప్పాలి. ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో ఈ దాడిని ఖండించే తీర్మానంమీద మన ప్రభుత్వం ఓటెయ్యకుండా తటస్థంగా ఉండిపోయింది. సోవియట్ స్నేహం మనకి అవసరమైన రోజులు. అది నచ్చక ఇందిరాగాంధీ మంత్రివర్గంలోంచి అశోక్ మెహతా రాజీనామా చేశారు.

పిల్లల చదువు మీద దెబ్బ

1969 జనవరి 16న యాన్ పలాఖ్ అనే ఇరవయ్యేళ్ల విద్యార్థి ప్రాగ్ నడిబొడ్డున వంటికి నిప్పంటించుకున్నాడు. మూడోనాడు పోయాడు. ఏప్రిల్‌లో దుబ్చెక్‌ని దించి గుస్తావ్ హుసాక్‌ని కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఇరవయ్యేళ్లనీ 'మామూలు స్థితికి తేవడం' అన్నారు. పేరు చూడండి ఎంత ముచ్చటగా ఉందో!

ఈ ఇరవయ్యేళ్లలో టాంకులు వీధుల్లో కనపడనక్కర్లేదు. ప్రతి ఆఫీసులో, బళ్లో కూర్చోబెట్టి ఒకే ప్రశ్న వేశారు: 'మన మిత్రదేశాల సాయాన్ని మీరు ఒప్పుకుంటున్నారా?' ఒప్పుకోకపోతే ఉద్యోగం ఊడుతుంది. లక్షలమందిని పార్టీలోంచి తీసేశారు. ప్రొఫెసర్లు బాయిలర్లలో బొగ్గు వేశారు, కిటికీలు తుడిచారు. దుబ్చెక్ స్లొవేకియాలో అడవుల శాఖలో చిన్న ఉద్యోగం చేసుకున్నాడు.

అంతకన్నా పెద్ద దెబ్బ పిల్లలమీద. తల్లో తండ్రో సంతకం చేశారంటే పిల్లకి ఎన్ని మార్కులొచ్చినా కాలేజీలో సీటు రాదు. చెప్పండి, మొగుడు ధైర్యంగా 'ఒప్పుకోను' అని ఇంటికొస్తే ఆ ఇల్లాలు మెచ్చుకోవాలా, పిల్ల మొహం చూసి ఏడవాలా? ఎన్ని వంటిళ్లల్లో రాత్రిళ్లు ఈ మాటలు గుసగుసగా నడిచాయో! చాలామంది వారమంతా నోరు మూసుకుని పనిచేసి, శని ఆదివారాలు పల్లెల్లో చిన్న కుటీరాలు కట్టుకుని కూరగాయలు పెంచుకుంటూ గడిపేశారు. ప్రభుత్వానికీ అదే కావలసింది. తోటలో ఉన్నవాడు వీధిలోకి రాడు కదా.

మార్తా కుబిషోవా గొంతు తెలియని ఇల్లు అక్కడ ఉండేది కాదు. దాడి జరిగిన రోజుల్లో ఆమె పాడిన 'మార్తా ప్రార్థన' జనం గుండెల్లో నిలిచింది. అంతే, 1970లో అసభ్య ఫొటోలు దొంగగా తయారుచేసి ఆమెమీద బురదజల్లారు. పాడకుండా నిషేధించారు. ఆడదాని నోరు మూయించాలంటే ఎక్కడైనా ముందు తీసే అస్త్రం ఇదే. ఆమె ఇరవయ్యేళ్లు వేదిక ఎక్కలేదు. 1977లో మానవహక్కుల కోసం వెలువడిన 'చార్టర్ 77' మీద సంతకం పెట్టినవాళ్లలో ఆమె ఉంది. ఉద్యోగం పోగొట్టుకున్న కమిలా మౌచ్‌కోవా కూడా ఉంది.

1989 నవంబరులో జనం మళ్లీ వీధుల్లోకి వచ్చారు. ఈసారి మాస్కో టాంకులు కదల్లేదు. ప్రాగ్ నడిబొడ్డున మేడమీది వసారాలో నిలబడి మార్తా మళ్లీ పాడింది. కింద లక్షల జనం. ఆ డిసెంబరులోనే దాడిచేసిన దేశాలు తాము చేసింది తప్పని ఒప్పుకున్నాయి. చివరి సోవియట్ సైనికుడు 1991లో వెళ్లాడు. 1993 జనవరి 1న దేశం చెక్, స్లొవేకియాలుగా రెండైంది, అన్నదమ్ములు కొట్టుకోకుండా పంచుకున్నట్టు.

వెరా కొత్త అధ్యక్షుడు హావెల్‌కి సలహాదారైంది, ఒలింపిక్ సంఘానికి అధ్యక్షురాలైంది. తర్వాత సొంత ఇంట్లో జరిగిన విషాదంతో చాలా ఏళ్లు ఎవరికీ కనపడకుండా కుంగిపోయింది. మళ్లీ తేరుకుని బయటికొచ్చింది. 2016 ఆగస్టు 30న కన్నుమూసింది.

నతాల్యా 2013 ఆగస్టు 25న మళ్లీ మాస్కో ఎర్ర మైదానానికి వచ్చింది. అప్పటికి 77 ఏళ్లు. నలభై అయిదేళ్ల కిందటి నినాదం రాసిన గుడ్డనే, కొత్తగా రాయించి, కొందరు మిత్రులతో కలిసి పట్టుకుంది. అనుమతి లేదంటూ పోలీసులు వచ్చి కొందర్ని మళ్లీ పట్టుకెళ్లారు. ఆ నవంబరులో పారిస్‌లోని తన ఇంట్లో నిద్రలోనే ఆమె వెళ్లిపోయింది.